నీళ్ళొస్తాయా?

వేళచ్చేరిలో ఇల్లు చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ
చెప్పులు విప్పకముందే అడిగేది ఇదే:
నీళ్ళొస్తాయా?

ఈ ఊళ్ళో అది రెండు ప్రశ్నలు.
ఏప్రిల్లో అడిగితే కొళాయి గురించి,
నవంబర్లో అడిగితే గుమ్మం గురించి.
నేను అమ్మకానికి పెట్టింది ఏప్రిల్లో.
సలహా ధనశేఖర్‌ది. బ్రోకరు. రెండు శాతం.

మేనత్త యతిరాజమ్మ
మాంబళం ఎక్స్‌ఛేంజీలో ముప్ఫై మూడేళ్ళు
ఒకరి గొంతు తీసి ఇంకొకరి చెవిలో గుచ్చి బతికింది.
ఎనభై ఆరులో పీఎఫ్ డబ్బుతో ఈ స్థలం కొంటే
"అక్కా, అది చెరువడుగే" అన్నాడట మా నాన్న.
"అందుకేరా నాకందింది" అందట.

పెళ్ళి లేదు, పిల్లల్లేరు.
హాల్లో తలుపు పక్క గోడమీద
ఆవిడ ఎత్తు కొలిచింది నీళ్ళకే.
తడిస్తే ఊదాగా మారే ఆఫీసు పెన్సిలుతో
అడ్డగీతలు.
2005, చీలమండ. 2008, పిక్క.
2015 డిసెంబరు, నా రొమ్ము దాకా.
ఒక్కో గీత పక్కన, ట్రంక్ కాల్ పట్టీలో రాసినట్టు,
వచ్చిన టైము, పోయిన టైము.
2015 గీతకి పోయిన టైము దగ్గర
"ఇంకా లైన్లోనే ఉంది" అని రాసి
తర్వాతెప్పుడో కొట్టేసింది.

గోడ చూసి ధనశేఖర్ నాలుక కరుచుకున్నాడు.
"అక్కా, ముందు ఇది మూయండి."
రెండు కోట్లు పట్టింది. పెయింటు కోట్లే,
రూపాయలవి కావు.
మొదటి కోటులోంచి ఊదా మరక పైకి తేలింది.
రెండోదానికి అణిగింది.

ఆమె మరణ పత్రం, నా వారసత్వ పత్రం, ఈసీ.
పట్టాలో నేను దమయంతిని కాను, తమయంతిని.
ఎవరో ఒకరు.

మే మొదటివారంలో జెసింతా వచ్చింది.
అడయారులో నర్సు. నైట్ డ్యూటీ దిగి నేరుగా,
ఆరేళ్ళ కొడుకుని వెంటేసుకుని.
వంటింటి కిటికీ తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.
ఇన్నాళ్ళూ అద్దె ఇళ్ళలో ఉన్న మనిషని
ఆ గడియ పట్టుకున్న తీరులోనే తెలిసింది.
"తణ్ణి వరుమా?" అంది.

నేను నీళ్ళు నమిలాను.
"వస్తాయి" అన్నాను, కొళాయి వైపు చూస్తూ.
అబద్ధం కాదు.
అదే దాని కంపు.

అడ్వాన్సు మాట కూడా అయిపోయింది.
వెళ్ళబోతూ పిల్లాడు
కొత్త గోడకి వీపు ఆనించి
మడమలు దగ్గరకి చేర్చి నిలబడ్డాడు.
"అమ్మా, గీత కొట్టు."
ఇంట్లో ఇన్ని గోడలుండగా
సరిగ్గా అక్కడే.
జెసింతా సంచిలో పెన్ను వెతుక్కుంటోంది.
నాకు గీత కనిపిస్తూనే ఉంది.
వాడి తలకి బెత్తెడు పైన.

తాళంచెవితో గీకాను.
మీగడరంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది.
కింద ఊదా, దాని కింద ఆవిడ దస్తూరి.
బయట మెట్ల దగ్గర ధనశేఖర్ ఫోన్లో
"ముడింజిడుచు సార్, ముడింజిడుచు" అంటున్నాడు.

జెసింతా గీతమీద అరచెయ్యి పెట్టింది
జ్వరం చూసినట్టు.
చాలాసేపు తియ్యలేదు.
"అప్పుడు ఆమె ఎక్కడున్నారు?"
"మేడమీద. మూడు రోజులు.
బియ్యం డబ్బా, కిరసనాయిలు స్టవ్వు,
పక్కింటివాళ్ళ కుక్క."
"కుక్కా?"
నవ్విందో లేదో చెప్పలేను,
వెలుతురు ఆమె వెనకనించి వస్తోంది.

కొన్నది. ఆరు లక్షలు తగ్గించి.
రిజిస్ట్రారు ఆఫీసులో వేలు పెడితే
మెషిను రెండుసార్లు నన్ను ఒప్పుకోలేదు.
ధనశేఖర్ మాట్లాడ్డం మానేశాడు,
తన శాతం లెక్కపెట్టుకున్నాకే.

ఆ ఆరు లక్షలకీ నేను నీళ్ళొదిలేశాను.
తమ్ముడు వదల్లేదు.
ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో, గొంతు తగ్గించి,
ఎందుకే అంత తగ్గించావ్ అంటాడు.
ఏ నెలలో అడిగినా ఒకటే చెబుతాను:

అక్కడ నీళ్ళొస్తాయిరా.